లోపలి జేబులో చీటీ

ప్రియమైన అమ్మకు,

నీ వాగుడుకాయ రాస్తోంది. ఇది ఫోన్లో చెప్పే మాట కాదని కాగితం పట్టుకున్నాను.

నిన్న ఇక్కడ స్టూడియోలో మన డాక్యుమెంటరీ చూపించారు. నీ మాటల్ని వీళ్ల భాషలోకి మార్చి తెర అడుగున వేసేది నేనే కాబట్టి బయటి జనం కన్నా ముందు నాకు చూపించారు. మన కుట్టు గదిలో మిషను ముందు కూర్చుని నువ్వు నాలుగు గంటలు మాట్లాడావు. అందులో ఉంచింది నలభై సెకన్లు. అది కూడా నువ్వు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్న ముక్క. నీ ముఖం గుర్తుపట్టకుండా మసక చేశారు. వెనకాల ఏడుపు సంగీతం పెట్టి, మన దేశంలో అత్యాచారం జరిగితే ఆడవాళ్లు నోరు మెదపరని ఒక గొంతు చెబుతుంది. నీ కంట్లో పడింది దారపు నలుసని పక్కనే ఉన్న నాకు తెలియదా?

ఇరవై రెండేళ్ల కిందట నీ మీద ఆ ఘోరం చేసిన నూలు గోదాము మేనేజరుకి పదేళ్ల శిక్ష పడిందన్న మాటే లేదు. గదికి తాళం వేసి ప్రతి విచారణకీ నీతో నడిచిన పన్నెండు మందీ లేరు. ఇదేమిటని దర్శకురాలిని అడిగాను. చూసేవాళ్లకు బాధ తెలియాలి, మిగతాదంతా బరువైపోతుంది అంది. వాళ్లను మన గుమ్మంలోకి తీసుకొచ్చింది నేను. తల కొట్టేసినట్టుంది. ఈ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను.

నీ
వాగుడుకాయ

*

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం గదిలో అందరికీ గట్టిగా చదివాను. మిషన్లన్నీ ఆగాయి. మనం నోరు మెదపమట అని కత్తెరక్క అనగానే అందరూ పడీ పడీ నవ్వారు. మా కబుర్ల హోరులో మిషన్ల చప్పుడే వినబడదని నీకు తెలుసు కదా. నవ్వాక మాత్రం కత్తెరక్క నీ ఉత్తరం అడిగి తీసుకుని ఆ ముక్క మళ్లీ చదువుకుంది. నా కేసులో మొదటి సాక్షి తనే.

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. పంతొమ్మిది విచారణల్లో ఒక్కసారి కూడా నేను తల దించలేదు. తప్పు చేసినవాడు దాచుకోవాలి ముఖం, నేనెందుకు దాచుకుంటాను? "విచారణకు వెళ్లాం, రేపు రండి" అని రాసి తగిలించిన అట్ట ఇంకా తలుపు వెనకే ఉంది. దాన్ని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు.

అయినా ఆవిడ చెడ్డ మనిషి అనిపించడం లేదు. కోర్టుకి మీతో ఎవరొచ్చారని మూడుసార్లు అడిగింది, గుర్తుందా? నువ్వు సరిగ్గా మార్చి చెప్పలేదని నిన్ను కసిరాను కూడా. నేను చెప్పిన ప్రతిసారీ ఆవిడ రాసుకోవడం ఆపేసి కత్తెరక్క వంక చూసేది. అంతగా అడిగి తెలుసుకున్న ముక్కనే ఎందుకు తీసేసిందో నాకు అంతుపట్టడం లేదు.

నువ్వు మాత్రం ఉద్యోగం మానకు. మానితే మన మాట రానివాళ్లు ఆ అక్షరాలు వేస్తారు.

ఆవిడ మన దగ్గర కోటు కుట్టించుకుంది కదా. బట్టకు కత్తెర పెట్టేముందు కొలతల చీటీ రెండు కాపీలు రాసి ఇద్దరం సంతకాలు చేయడం, ఒకటి డబ్బాలో, ఒకటి కుట్టిన బట్ట లోపలి జేబులో పెట్టడం మన పద్ధతి. నువ్వు లైట్లు దింపించడానికి కిందికి వెళ్లినప్పుడు ఆ చీటీలో కోటు కొలతల కింద సినిమా కొలతలు కూడా రాశాను. నీ చేత చదివించుకోమని సైగ చేస్తే ఆవిడ తల ఊపి సంతకం పెట్టింది. తర్వాత మరిచిపోయి ఉంటుంది. వెళ్లి జేబులో చూడు.

ఆశీస్సులతో
అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

సినిమా పూర్తయ్యేదాకా ఏమీ చెప్పనని ఫోన్లో నిన్ను మూడు నెలలు ఉడికించాను. ఇప్పుడు విను.

నీ ఉత్తరం అందిన రోజు ఆవిడ ఆ కోటే వేసుకుని వచ్చింది. లోపలి జేబు చూడమన్నాను. నాలుగు మడతల చీటీ దొరికింది. అందరి ముందూ మాట మాటా మార్చి చదివాను. చేతి పొడవు, భుజం, నడుము, వాటి కింద నీ గుండ్రటి అక్షరాలు: ముఖం దాచకూడదు. శిక్ష పడిందని చెప్పాలి. నాతో వచ్చిన పన్నెండు మందినీ తీసేయకూడదు.

ఆవిడ చీటీ తీసుకుని తన సంతకాన్ని చూసుకుంది. తర్వాత నన్ను పక్క గదిలోకి పిలిచింది.

"పన్నెండు మంది తోడొచ్చారని మీ అమ్మ చెప్పినప్పుడల్లా నేను ఒక్కదాన్నే ఎక్కిన కోర్టు మెట్లు గుర్తొచ్చాయి. అందుకే తీసేశాను," అంది.

ఎనిమిదేళ్ల కిందట, ఈ ఊళ్లోనే, ఆవిడకూ జరిగింది. చేసింది పనిచేసే చోట పై అధికారి. ఫిర్యాదు చేసి రెండుసార్లు కోర్టుకి వెళ్లింది, రెండుసార్లూ ఒక్కతే. మూడోసారి మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. వాళ్లమ్మకు కూడా తెలియదట. ఎక్కడో దూరదేశంలో ఆడవాళ్లందరూ నోరు మెదపరని చూపిస్తే తన మౌనం అందులో కలిసిపోతుందనుకుందట. నాకు ఆవిడ మీదున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

సినిమా మళ్లీ కూర్చారు. ఇప్పుడు నువ్వు పదకొండు నిమిషాలు మాట్లాడతావు, నిండు ముఖంతో. మొన్న హాల్లో నాలుగు వందల మంది చూశారు. కత్తెరక్క తెర మీదికొచ్చి, "దీన్నొక్కదాన్నే పంపడానికి మాకు కాళ్లు లేవా?" అన్నప్పుడు చప్పట్లతో హాలు మారుమోగింది. పక్క సీట్లో ఎవరో పెద్దావిడ కూర్చుంది. ఆవిడ అడక్కపోయినా, తెర మీద ఉన్నది మా అమ్మ అని చెప్పాను. ఇంకోవైపు ఉన్నాయనకు కూడా చెప్పాను. అంత గర్వంగా నేను ఎప్పుడూ ఏదీ చెప్పుకోలేదమ్మా.

దర్శకురాలు తన పాత ఫిర్యాదును మళ్లీ తెరిపించింది. గురువారం విచారణ. నువ్వు కుట్టిన కోటు వేసుకుంటానంది. ఎడిటింగ్ చేసేవాళ్లూ, కెమెరా ఆయనా, లెక్కలు చూసే అమ్మాయీ, నేనూ, మొత్తం ఏడుగురం తనతో వెళ్తున్నాం. ఆ రోజుకి స్టూడియో మూసేస్తున్నాం. తలుపుకి తగిలించే అట్ట వీళ్ల భాషలో నేనే రాశాను.

"విచారణకు వెళ్లాం, రేపు రండి."

మీ పదమూడు మందికీ
వాగుడుకాయ