గాజుల టేపు

గుంటూరు,
17-3-2025, సోమవారం.

మిత్రుడు మొహిద్దీన్ బాషాకు యలమందరావు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. రంజాన్ రోజాలు నడుస్తున్నాయి కదా, ఎండలో తిరగకు. ఆరేళ్లుగా నా ఫోను ఎత్తవు కాబట్టి ఉత్తరం రాయాల్సి వచ్చింది.

నువ్వు పొదిలి బస్సులో వేసిన పార్సిలు అందింది. స్పీకర్లో సన్నని శబ్దాలు పలికే నీ జర్మనీ కాగితం ట్వీటర్ల జత, గాజుల టేపు, ఒక చీటీ. చనిపోయిన నా భార్య నస్రత్ గొంతు టేపులో వినపడటం నా పిచ్చేనని ఒప్పుకున్నాను, మందులు మొదలుపెట్టాను, ఇవి నా ఇంట్లో ఉండకూడదు అని రాశావు. అది చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

నిన్న మధ్యాహ్నం స్పీకర్లు పోల్చి వినడానికి మనవాళ్లు మా ఇంట్లో చేరారు. మనవాళ్లంటే ఇప్పుడు ఎలీషా, కోటేష్, నేను, అంతే. ఎలీషా సంగతి నీకు తెలియనిదా, పట్టుగుడ్డ డోము ట్వీటరును మించింది లేదంటాడు, కాదన్నవాడి చెవుల్లో గుబిలి ఉందంటాడు. ఏది ఏదో తెలియకుండా విని తేల్చుకుందామని స్పీకర్లకు అడ్డంగా దుప్పటి కట్టాం. దాని వెనక కోటేష్ వైర్లు మారుస్తాడు. ఎలీషా గాజుల టేపే పెట్టమన్నాడు. తొంభై ఎనిమిదిలో మీ వసారాలో నస్రత్ మిరపకాయల తొడిమలు తీస్తుంటే నువ్వు పట్టిన రికార్డింగు కదా. ట్వీటరు మంచిచెడ్డలు మనకు ఆ గాజులే చెప్పేవి. నేను వద్దన్నాను. పాత టేపు, హెడ్డు పాడవుతుందన్నాను. ఎలీషా వింటేగా!

మొదటి జతకు ఉత్త హోరు. రెండో జతకూ అంతే. టేపు చచ్చిందిరా అని ఎలీషా నవ్వాడు. నాకు హాయిగా ఊపిరాడింది. కోటేష్ మూడో జత తగిలించాడు. అవి నీవి.

గాజులు మోగాయి బాషా. నాలుగైదు సార్లు మోగి, ఆగి, మళ్లీ మోగాయి. కాయ అందుకుని, తొడిమ తుంచి, పక్కన పడేసే తీరే. కాసేపటికి ఆ చప్పుడు స్పీకర్లలో లేదు. మా వీపు వెనక, వీధి తలుపు దగ్గర ఉంది. మూసిన గదిలోకి మిరప ఘాటు వచ్చి ఎలీషా తుమ్మాడు. గుంటూరులో అదేం వింత అంటావు, సరే. అప్పుడు ఆమె మాట్లాడింది. తలుపు తీయండి, చేతులు మండుతున్నాయి, గడియ పట్టుకోలేను అంది. ఆరేళ్ల కిందట నువ్వు మాకు చెప్పిన మాటే, అక్షరం తేడా లేదు. ఆ రోజు నలుగురిలో నీకు పిచ్చెక్కిందన్నది నేనే.

కోటేష్ దుప్పటి వెనక నుంచి వచ్చి, ఎవరొచ్చారని అడిగాడు. మాలో ఒక్కడూ లేచి ఆ తలుపు తీయలేదు. భయమేసింది, దాచడమెందుకు. టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచేదాకా కదలకుండా కూర్చున్నాం. ఎలీషా ప్రార్థన చేసుకుని పెరటి దారిన వెళ్లిపోయాడు.

మందుల సంగతి డాక్టరు చూసుకుంటాడు. పిచ్చి అన్న మాట మాత్రం ఇంక నీ నోట రానివ్వకు.

ఇట్లు,
నీ యలమంద.

తా.క.: అసలు సంగతి రాయకుండానే కవరు అంటించబోయాను. ఆ టేపులో ఏమీ లేదురా. మన గొడవకు నెల ముందు కాపీ తీసుకుంటానని పట్టుకెళ్లానే, అప్పుడు రెండు డెక్కుల్లో తప్పు దానికి రికార్డు మీట నొక్కాను. చెరగకుండా టేపు వెనక విరిచే ప్లాస్టిక్ ముక్క నువ్వు విరవలేదు, నేను చూసుకోలేదు. మొత్తం చెరిగిపోయింది. చెప్పే ధైర్యం లేక ఖాళీ టేపు నీ చేతిలో పెట్టాను. అందులో నస్రత్ మాట్లాడుతోందని నువ్వంటే, నా తప్పు ఎక్కడ బయటపడుతుందోనని నీకు పిచ్చి అంటగట్టాను. అసలు రికార్డింగులో కూడా గాజులే తప్ప ఆమె మాట ఒక్కటీ లేదు. నిన్న మేం ముగ్గురం విన్నది ఆ ఖాళీ టేపునే.

శుక్రవారం ఇఫ్తారు వేళకు దాన్ని తీసుకుని పొదిలి వస్తున్నాను. తిట్టు, కొట్టు, పడతాను. తలుపు మాత్రం తియ్యి.