అమ్మ గది కిటికీ

జనవరి 17, 1978. మంగళవారం

ఈ నోవై ఊళ్ళో ఇది నా మూడో చలికాలం. ఇంత మంచు ఎప్పుడూ చూడలేదు. మా ఆయన హరనాథ్ కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీట్ వేసి టేప్ అంటించాడు. హీటింగ్ బిల్ తగ్గుతుందట. ఇల్లు మూత బిగించిన ఊరగాయ జాడీలా ఉంది.

పురుడు పోయడానికి అమ్మ బాపట్ల నుంచి వచ్చి నెల దాటింది. నాకు చెవుల్లో దూది, తలకు గుడ్డ, అన్నంలో వెల్లుల్లి కారం. ఫ్రిజ్ తలుపు తీస్తే కేకలేస్తుంది. పచ్చి బాలింతవి, చల్లగాలి తగలకూడదే అంటుంది. అమ్మా, మిచిగన్ అంతా ఫ్రిజ్జేనంటే నవ్వదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

పాప మాత్రం ఆమె చేతుల్లో తప్ప ఊరుకోదు. అమ్మ బాత్‌టబ్‌లో కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తుంది. తర్వాత సాంబ్రాణి. కరెంట్ స్టవ్ మీద ఇనప గరిట కాల్చి అందులో వేస్తుంది. మొదటిరోజు స్మోక్ అలారం ఇల్లెగిరిపోయేలా కూసింది. హరనాథ్ బ్యాటరీ పీకేశాడు.

ఆ పొగ పట్టిన పాప తల వాసన చూస్తే నాకు ఏడుపొస్తుంది. ఎందుకో తెలీదు.

జనవరి 23

ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ఊరికే కన్నీళ్ళు. బాలింత ఏడవకూడదంది అమ్మ. సరే, మానేశాను.

జనవరి 26, గురువారం. ఉదయం

తెల్లారేసరికి గాలి ఇంటిని పట్టుకుని ఊపుతోంది. రేడియోలో బ్లిజార్డ్, మంచు తుఫాను అంటున్నారు. నిన్న సెకండ్ షిఫ్ట్‌కి వెళ్ళిన హరనాథ్ ఇంటికి రాలేదు. ఫోన్ చేశాడు. రోడ్లు మూసేశారట, ప్లాంట్ కాఫెటీరియాలోనే ఉన్నాడట. ముందు తలుపుకి అడ్డంగా నడుమెత్తు మంచు.

మధ్యాహ్నం

కరెంట్ పోయింది. కాసేపటికి ఫోన్ కూడా. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ గ్యాస్‌దే గాని, దాని ఫ్యాన్ తిరగాలంటే కరెంట్ ఉండాలి. పాప వేళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి.

కుంపటి పెడదామే, బొగ్గుల్లేవూ? అంది అమ్మ. ఉన్నాయి. ఎండాకాలం బార్బెక్యూ చేసిన సంచి గరాజ్‌లో మిగిలిపోయింది. నేనే తెచ్చిచ్చాను. అమ్మ గరాజ్‌లోనే పాత బాణలిలో రాజేసి, నిప్పులు ఎర్రబడ్డాక నా గదిలోకి తెచ్చింది. పొగంతా పోయింది, ఇంకేం భయం లేదు అంది. మీ ముగ్గురినీ ఇట్టాగే కుంపటి దగ్గర పెట్టుకుని పెంచానంది. వెచ్చదనం పోకుండా తలుపు కింద దుప్పటి కుక్కింది.

హాయిగా ఉంది. ఇన్నాళ్ళకి ఒళ్ళు వెచ్చబడింది. తల కాస్త నొప్పిగా ఉంది, చలికే అయ్యుంటుంది. పాప ఇవాళ ఏడవడమే లేదు. బుద్ధిగా పడుకుంది.

జనవరి 29. హాస్పిటల్

పాప బతికింది. ముందు ఆ మాట రాసుకోవాలి.

ఎదురింటి డొరతీ ఫ్లాస్క్‌లో సూప్ పోసుకుని, పారతో మా గుమ్మం దాకా దారి చేసుకుంటూ వచ్చింది. తలుపు కొడుతున్నట్టు తెలుస్తోంది. లేవబోయి పడ్డాను. పాక్కుంటూ వెళ్ళి తీశాను. గదిలో నిప్పులు చూసి ఆమె పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. పారతోనే కిటికీ అద్దం బద్దలు కొట్టింది. బాణలిని బయట మంచులోకి విసిరేసింది. అమ్మ గోడకు ఒరిగి కూర్చునుంది, కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మాట లేదు. పాప గుడ్డపీలికలా వేలాడిపోతోంది.

డొరతీ భర్త మంచు మీద నడిచే బండి, స్నోమొబైల్ తెచ్చాడు. నన్నూ పాపనూ మెయిన్ రోడ్ దాకా చేర్చాడు. అక్కడ మంచు ఎత్తే ట్రక్ వెనకాల వస్తున్న అంబులెన్స్‌ని ఆపాడు. కార్బన్ మోనాక్సైడ్, ఇంకాసేపైతే చేసేదేం లేదు అన్నాడు డాక్టర్. పొగ ఉంటేనే ప్రమాదమని అమ్మ లెక్క. బాపట్ల ఇంట్లో పెంకుల సందుల్లోంచి, తలుపు రెక్కల్లోంచి గాలి తన దారిన తను వచ్చిపోయేది. ఇక్కడ మేము ఇంటికే ప్లాస్టిక్ చుట్టాం.

స్నోమొబైల్ మీద చోటు లేక అమ్మను డొరతీ ఇంట్లో వదిలేశారు. చల్లగాలికి తేరుకుందట. అమ్మకి ఇంగ్లీష్ రాదు. డొరతీకి ఉన్నది ఇంగ్లీషే. మర్నాడు సాయంత్రం ఫోన్లు పనిచేసేదాకా పాప ఉందో లేదో అమ్మకి తెలీదు. మీ అమ్మగారు మంచినీళ్ళు కూడా ముట్టలేదు, పోర్చ్‌లో వట్టికాళ్ళతో నిలబడి రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయారు అని డొరతీ చెప్పింది.

జనవరి 31

ఇంటికొచ్చాం. బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా ఇది అన్నాడు హరనాథ్. బొగ్గులు తెచ్చిచ్చింది నేనే అన్నాను. అమ్మ వంటింట్లో ఉంది. వినే ఉంటుంది.

ఫిబ్రవరి 4

అమ్మ పాపను ఎత్తుకోవడం లేదు.

వంట చేస్తుంది. డైపర్లు ఉతుకుతుంది. నా పథ్యం తప్పనివ్వదు. పాప ఏడిస్తే మాత్రం, అదిగో ఏడుస్తోంది చూడు అని నన్ను పిలుస్తుంది.

ఇవాళ నీళ్ళు నేనే పోశాను. నాకేం వచ్చు? చేతుల్లోంచి జారిపోతోంది, గుక్క పట్టింది. అమ్మ బాత్‌రూమ్ గుమ్మం బయట నిలబడి చెబుతూనే ఉంది. మెడ కింద చెయ్యి పెట్టవే, చెవిలోకి నీళ్ళు పోనీకు, అట్టా కాదు. రా అమ్మా అని అరిచాను. గుమ్మం దాటలేదు. ఇద్దరం ఏడ్చాం, నేనూ పాపా. అమ్మ ఏడవలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది.

సాంబ్రాణి పొట్లం చెత్తబుట్టలో కనబడింది.

ఫిబ్రవరి 9

అమ్మ తన గది కిటికీకి ఉన్న ప్లాస్టిక్ చించేసింది. అద్దం కాస్త పైకెత్తి, పడిపోకుండా దాని కింద సాంబ్రాణి గరిట నిలబెట్టింది. గది ఐస్‌బాక్స్. కోటు తొడుక్కుని పడుకుంటోంది. హరనాథ్ మూస్తాడు, ఆమె తెరుస్తుంది. జబ్బు చేస్తుందమ్మా అన్నాను. నాకు వెచ్చదనం వద్దే అంది.

ఫిబ్రవరి 12, ఆదివారం

మంచువల్ల ఆగిన బారసాల ఇవాళ చేశాం. పసుపు, కుంకుమ, వడపప్పు, ఉయ్యాలకి చీర, అన్నీ అమ్మే సిద్ధం చేసింది. అమ్మమ్మ రావాలి, పిల్లను ఉయ్యాల్లో వేయాలి అని హరనాథ్ కొలీగ్ భార్య ఆండాళ్‌గారు పిలిచారు. అమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. నా చేతులు మంచివి కావమ్మా, నువ్వు వెయ్యి అంది. గది నిండా జనం. ఆండాళ్‌గారే వేశారు.

పాప పేరు విద్య.

ఫిబ్రవరి 14

అమ్మ టికెట్ ముందుకు జరపమంది. హరనాథ్ ఆమె కాళ్ళ మీద పడినంత పని చేశాడు. తొందరపడి నోరు జారానత్తయ్యా అన్నాడు. మీరన్నదాంట్లో తప్పేముంది బాబూ అంది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 19

ఎయిర్‌పోర్ట్‌లో పాపను అమ్మ ముందుకి చాపాను. ఒక్కసారి తీసుకోమ్మా, బతిమాలుకుంటాను అన్నాను. పాప అమ్మ గొంతు గుర్తుపట్టి కాళ్ళు ఆడించింది. అమ్మ బ్యాగ్‌లోంచి డొరతీ ఇచ్చిన ఉన్ని గ్లవ్స్ తీసి తొడుక్కుంది. అప్పుడు పాప పాదం పట్టుకుంది. కాసేపే. మళ్ళీ వెనక్కి చూడలేదు.

ఫిబ్రవరి 20

అమ్మ గదిలో మంచం మీద సన్నగా మంచు పడింది. కిటికీ మూసెయ్యమంటున్నాడు హరనాథ్.

నేను గరిట తీయలేదు.