చిటికెనవేలంత సిపాయి

3 మే 1984

సాలమోను మస్కట్ నుంచి దిగాడు. రెండేళ్ళ తరవాత కొడుకుని చూసి అమ్మ ఏడుపూ నవ్వూ ఒకేసారి కానిచ్చింది. వచ్చే నెల రెండున వాడి ప్రధానం. పిల్ల ఆలమూరు దేవదానం మాస్టారి కూతురు సత్యవతి.

నాకు చీర తేలేదు తమ్ముడు. రేకు డబ్బా తెచ్చాడు. అందులో దూదిలో చుట్టిన సీసం సిపాయిలు, ఒక్కొక్కడూ చిటికెనవేలి పై కణుపంత. వాడి కంపెనీ ఇంజినీరు హారిస్ గారు సెలవునాడు పెద్ద బల్ల మీద కొండలూ వంతెనలూ అమర్చి, పాచికలు వేసి, వీళ్ళతో యుద్ధాలు ఆడతాడట. యాభై దాటిన మనిషి. ఇంగ్లండులో ఇదో పెద్ద హాబీ అట, క్లబ్బులు కూడా ఉన్నాయట. పాతకాలపు మద్రాసు పటాలం సిపాయిలు మాత్రం ఎక్కడా దొరకడం లేదట. మా అక్క చేస్తుందని వీడు నోరు జారాడు. చర్చిలో క్రిస్మస్‌కి నేను చేసే మట్టి గొర్రెల కాపరుల ఫొటో చూపించాడు.

డబ్బా అడుగున పసుపు ముద్ద, నీలం ముద్ద. ఎపాక్సీ పుట్టీ. రెండూ కలిపి పిసికితే ఆకుపచ్చ అవుతుంది, కాసేపటికి రాయవుతుంది. ఒక్క సిపాయి బాగా కుదిరితే హారిస్ గారు ఇంగ్లండు తీసుకెళ్ళి, అచ్చు పోసేవాళ్ళకి చూపిస్తాడట.

నేను కొత్తపేటలో ఆడపిల్లలకి మామిడిపిందెలు గీయడం నేర్పే డ్రాయింగు టీచర్ని. నాకు చేతకాదన్నాను. డబ్బా మాత్రం నా గదిలో పెట్టుకున్నాను.

5 మే

బంక. వేళ్ళకి అంటుకుంటుంది, బొమ్మకి అంటుకోదు. మట్టి చెప్పినట్టు వింటుంది. ఇది సాగి మళ్ళీ వెనక్కి ముడుచుకుంటుంది. రాగితీగ వంచి లోపలి ఎముకలు చేశాను. దబ్బనం ఒకటి వెదురుముక్కకి గుచ్చాను, గొడుగు ఊచ అరగదీశాను. అవే పనిముట్లు.

మొహం జీడిపిక్కలా వచ్చింది. సాలమోను లెన్సు పెట్టి చూసి, డబ్బాలోని సీసం సిపాయిని తీసి దాని పక్కన నిలబెట్టాడు.

8 మే

ముక్కు వచ్చింది. ముక్కు ఒక్కటే.

12 మే

తెలిసింది. ఒకేసారి చెయ్యకూడదు. కాళ్ళు చేసి గట్టిపడనివ్వాలి, ఆ మీద కోటు, అదీ గట్టిపడ్డాక చేతులు. సూది తడిపితే అంటుకోదు. ముద్దని లాగకూడదు, నెట్టాలి. ఇవాళ అలా నెట్టుకుంటూ పోతే కోటు అంచు గాలికి లేచినట్టు వచ్చింది. నేను చేశానంటే నాకే నమ్మకం కలగలేదు.

బల్బు వేడికి తొందరగా గట్టిపడుతుందని సాలమోను చెప్పాడు. టేబుల్ లైటు దగ్గరికి లాక్కుని, చెయ్యి బల్ల మీద ఆనించి పని చేస్తున్నాను. కరెంటు పోతే ప్రాణం పోయినట్టుంటోంది.

16 మే, సాయంత్రం 4 గం.

మీసం పెడుతున్నాను, ఊపిరి బిగబట్టి. మాడిన వాసన వచ్చింది. పొయ్యి మీద ఏదో మాడుతోందమ్మా అని కేకేశాను. ఇంకా పొయ్యే వెలిగించలేదంది అమ్మ.

మాడుతున్నది నేను. కుడిచేతి అంచు, చిటికెనవేలి పక్క, బల్బుకి ఆని ఉంది. తీస్తే చర్మం బల్బుకే ఉండిపోయింది.

నొప్పి లేదు.

17 మే

తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని, సూదితో గుచ్చుకుని చూశాను. బొటనవేలు తెలుస్తోంది. చూపుడువేలు, మధ్యవేలు కూడా. ఉంగరం వేలు సగమే, చిటికెనవేలి వైపు సగం మొద్దు. చిటికెనవేలు ఎవరిదో.

మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఉంది. నిరుటి నుంచీ శోభి అనుకుంటున్నాను. అక్కడా గుచ్చాను. రక్తం వచ్చింది, అంతే.

ఇదేమిటో నాకు తెలుసు. మిషను ఆసుపత్రి వాళ్ళు మా బడికి వచ్చినప్పుడు వాళ్ళ చార్టు పెద్దదిగా రాసిచ్చింది నేనే. 'స్పర్శ లేని మచ్చ' అన్న అక్షరాలకి ఎర్ర రంగు వేశాను. పేరు మాత్రం ఇక్కడ రాయలేకపోతున్నాను.

18 మే

కుష్ఠు.

20 మే, ఆదివారం

చర్చిలో ప్రభు భోజనం. గిన్నె ఒక్కటే, అందరి పెదవులూ దానికే. నేను వెనక బెంచీలో కూర్చుండిపోయాను. పాస్టరు గారు నావైపు చూశారు. బయటికొచ్చాక అమ్మ అడిగింది, ఒంట్లో బాగాలేదా అని. అదేం లేదన్నాను. అక్కడ ఆడవాళ్ళందరూ సాలమోను చుట్టూ మూగి ప్రధానం చీర రంగు అడుగుతున్నారు. వాడు సిగ్గుపడుతున్నాడు.

22 మే

పుండు కడుగుతుంటే అమ్మకి అనుమానం వచ్చింది. "మండటం లేదే నీకు?" అంది. చెప్పేశాను.

అమ్మ లేచి తలుపు గడియ వేసింది. ప్రధానం అయ్యేదాకా నోరు మెదపొద్దంది. దేవదానం గారి చెవిన పడితే సాలమోనుకి ఆ పిల్లే కాదు, ఇంకే పిల్లా రాదంది. ఆ తరవాత నన్ను తనే ఎక్కడికైనా తీసుకెళ్తానంది.

సాయంత్రం నా గ్లాసు విడిగా తోమి కిటికీలో బోర్లించింది. బోర్లిస్తూ ఏడ్చింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

26 మే

మోచెయ్యి లోపల కరెంటు కొట్టినట్టుంది. చిటికెనవేలు పక్క వేలికి ఆనడం లేదు, ఎడంగా నిలబడుతోంది. సూది జారి సిపాయి చెవి తెగింది.

ప్రధానం దాకా ఆగొచ్చనుకున్నాను. వేలు ఆగేట్టు లేదు.

27 మే, ఆదివారం

సాలమోను వరండాలో బొమ్మని లెన్సుతో చూస్తున్నాడు. చెయ్యి పాడైందిరా అన్నాను. సిపాయి చెయ్యి అనుకున్నాడు. బానే ఉందిగా అక్కా అన్నాడు. సూది వాడి చేతికిచ్చి, కళ్ళు మూసుకుని, నా చిటికెనవేలు వాడి ముందు పెట్టాను.

"గుచ్చు మరి," అన్నాను.

"గుచ్చేనక్కా," అన్నాడు.

కళ్ళు తెరిచేసరికి వాడి మొహంలో నెత్తురు లేదు. రేపు ఫస్టు బస్సుకి ఆసుపత్రికి వెళ్దామన్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"వారం ఆగలేదా అది? నీ బతుకు నువ్వు చూసుకోవా?"

"ఉంగరం తొడిగేక చెప్తే మోసం అంటారమ్మా. ముందే చెప్తే రోగం అంటారు. రోగమే నయం."

అమ్మ నావైపు చూసింది. వాడికి నచ్చజెప్పమని. నేను తల దించుకున్నాను. నచ్చజెప్పలేదు.

28 మే

ఫస్టు బస్సులో జొన్నాడ వంతెన దాటుతున్నాం. తెలిసినవాళ్ళు ఎక్కుతారేమోనని కొంగు నెత్తిమీదికి లాక్కున్నాను. సాలమోను మెల్లిగా దాన్ని కిందికి లాగేశాడు.

డాక్టరమ్మగారు కళ్ళు మూసుకోమని, దూదితో తాకుతూ, తగిలిన చోట వేలు పెట్టమన్నారు. ఆవిడ తాకినట్టు తెలిసినప్పుడల్లా పెట్టాను. తెలియని తాకిళ్ళు ఎన్నో నాకు చెప్పలేదు. మోచేతి వెనక నరం నొక్కితే విలవిల్లాడిపోయాను. తాడులా వాచిందట. నరం వాపుకి మాత్రలు, రోగానికి ఎర్ర గొట్టం మాత్రలు, చేతికి కట్టు. ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే రెండు వేళ్ళూ ముడుచుకుపోయేవట.

స్పర్శ తిరిగొస్తుందా అని అడిగాను.

"వస్తుందనీ చెప్పలేనండి, రాదనీ చెప్పలేను. మందు మాత్రం మానొద్దు. ఇది మొదలెట్టేక మీ నుంచి ఎవరికీ అంటదండి. విడి గ్లాసులూ అవీ ఏమీ అక్కర్లేదు."

గ్లాసు సంగతి నేను చెప్పలేదు. ఎన్ని ఇళ్ళలో చూశారో ఆవిడ. బొమ్మలు చెయ్యొచ్చా అంటే, చెయ్యండి, వేళ్ళని నమ్మకుండా కళ్ళతో చూసుకుంటూ చెయ్యండి అన్నారు.

29 మే, ఉదయం 10 గం.

సాలమోను ఆలమూరు వెళ్ళాడు, దేవదానం గారితో తనే చెప్పడానికి. వద్దని నేను కూడా అన్నాను. ఆఖరి నిమిషంలో అన్నాను.

మధ్యాహ్నం 2 గం.

రాలేదు. అమ్మ అన్నం వండలేదు.

సాయంత్రం 6 గం.

వచ్చాడు. దేవదానం గారు కాఫీ ఇప్పించి, అంతా విని, ప్రార్థన చేసుకుని కబురు చేస్తామన్నారట. సత్యవతి తలుపు వెనకే ఉందట. గాజుల చప్పుడు వినిపించిందట.

31 మే

కబురు వచ్చింది. సత్యవతి మేనమామ వచ్చి గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. "ఈ యేడు కుదరదండి. ఏమీ అనుకోకండి," అన్నాడు. మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు.

అమ్మ పడుకుంది, లేవలేదు. సాలమోను నా మీద కోపం లేదన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

6 జూన్

ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి సిపాయి దగ్గర కూర్చున్నాను. లైటు బారెడు దూరం జరిపాను. ఎంత గట్టిగా నొక్కుతున్నానో వేళ్ళు సగమే చెప్తున్నాయి. నొక్కడం, ఆగి చూడటం, మళ్ళీ నొక్కడం. ఒక్క బొత్తానికి పొద్దంతా పట్టింది. తెగిన చెవి తీసేసి కొత్తది పెట్టాను. పాతదానికన్నా బాగుంది.

సాలమోను వచ్చి వెనక నిలబడ్డాడు. తుపాకి బరువుకి వీడి భుజం కొంచెం దిగాలక్కా అన్నాడు. వారంలో అదే మొదటి మాట.

భుజం దించాను.

18 జూన్

బడి తెరిచారు. డాక్టరమ్మగారి సర్టిఫికెట్టు హెడ్‌మిస్ట్రెస్ సూర్యకాంతం గారి ముందు పెట్టాను. చదివారు. నా కుర్చీ తీయించేస్తారని సిద్ధపడి ఉన్నాను. సర్టిఫికెట్టు డ్రాయర్లో పెట్టి తాళం వేశారు.

"బెల్లు కొట్టేరు కదండీ. క్లాసుకి వెళ్ళండి," అన్నారు.

మామిడిపిందె గీయించాను.

ఇంటికొచ్చేసరికి గ్లాసు కిటికీలో లేదు. అమ్మని అడగలేదు.

2 జూలై

సాలమోను వెళ్ళిపోయాడు. సిపాయిని దూదిలో చుట్టి, చేతిసంచీలో కాదని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎవరు చేశారో హారిస్ గారికి చెప్పు, చెయ్యి సంగతి చెప్పకన్నాను. రెండూ చెప్తానన్నాడు.

రావులపాలెం బస్టాండుకి నేనూ వెళ్ళాను. బస్సు కదలబోతుంటే పుస్తకాలు పట్టుకుని ఒక అమ్మాయి గబగబా వచ్చింది. సత్యవతి. ఫొటోలో కన్నా చిన్నగా ఉంది. నన్ను చూసి ముందు దణ్ణం పెట్టింది, తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"వచ్చే సెలవుకి మా నాన్నగారిని మళ్ళీ అడగండి. అప్పుడూ కాదంటే నేను మాట్లాడతాను," అంది.

సాలమోను ఆయ్ అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. వాళ్ళ ఊరి బస్సు వచ్చేదాకా ఆ పిల్ల నా పక్కనే నిలబడింది. జనం చూస్తూనే ఉన్నారు.

11 ఆగస్టు

సాలమోను ఉత్తరం వచ్చింది. హారిస్ గారు సిపాయిని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడట. ఇంకా నలుగురు కావాలట. ఒకడు మోకాలి మీద ఉండాలి. పుట్టీ పంపుతున్నాడట.

మోకాలు కష్టం.

19 సెప్టెంబరు

బియ్యం ఏరుతుంటే ఎర్రచీమ కుట్టింది. ఉంగరం వేలు, చిటికెనవేలి వైపు పక్క.

మండుతోంది. ఇంకా మండుతోంది.