వండింది నేనే

అయిజ,
8 సెప్టెంబర్ 2025

ప్రేమగల నాయినకు నీ పెద్దబిడ్డ రోజా వందనాలు చెప్పి రాసేది.

నీ ఉత్తరం అందింది. క్వారీ పేలుళ్లు నీ చెవులు తినేసినప్పటి నుంచి మనిద్దరికీ ఫోన్ పనికిరాకుండా పోయింది కానీ, ఇవాళ అదే మేలనిపిస్తోంది. ఫోన్లో అయితే ఈ మాట నా నోటికి రాదు. ఇన్నాళ్లకు పని తెరిపిచ్చింది, సంత రోజు మెస్సు చూడటానికి వస్తానని రాశావు. నువ్వు రావద్దు నాయినా.

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. అమ్మకు మాత్రం చదివి వినిపించకు.

వనపర్తిలో నా హోటల్ కోర్సు అయిపోయిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నాకు సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు అందరి చప్పట్లూ ఆగిపోయినా, వినబడక నువ్వొక్కడివే కొడుతూ ఉన్నావు. నాతో చదివిన కావ్య నవ్వింది, నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి మెస్సు పెడదామని అనుకున్నాం. అయిజ మార్కెట్ యార్డు ఎదురుగా కావ్య మేనమామకు ఒక షటర్ గది ఉంది. పంట తెచ్చే రైతులు పొద్దంతా అక్కడే పడి ఉంటారు, వాళ్లకు వేడి జొన్నరొట్టె పెట్టే దిక్కు లేదు. బోర్డు మీద నా పేరే పెట్టామని నీకు రాశాను. అది అబద్ధం. బోర్డు మీద 'కావ్య మెస్' అని ఉంది.

మొదటి రోజు కోర్సులో నేర్పినట్టే చేశాను. బల్ల దగ్గర నిలబడి, నవ్వుతూ పేరు చెప్పి, ఏం కావాలని అడిగాను. మన దిక్కు పేరు ఒక్కటే సరిపోదని అక్కడ ఎవరూ నేర్పలేదు. ఎవరి బిడ్డవు, ఏ ఊరు అని ఒక పెద్దమనిషి అడిగాడు. బిజినేపల్లి స్టీఫెన్ బిడ్డనని చెప్పాను. ఆయన మంచినీళ్ల గ్లాసైనా ముట్టుకోకుండా, ఆకలి లేదని లేచిపోయాడు. ఆయన వెంట ఇంకో ముగ్గురు. దూరపు ఊళ్ల వాళ్లు, మళ్లీ కనబడలేదు. మాట అక్కడితో ఆగిందని అనుకున్నాం.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ కావ్య అంది: "నువ్వు వంట చూస్కో రోజా, బయట నేను చూస్కుంట. జర నిలబడినంక బోర్డు మీద నీ పేరు కూడ రాయిద్దాం." నేను సరేనన్నాను. తప్పంతా ఆమెదేనని రాయను, సరేనన్నది నేను. వంటింటికి తలుపు పెట్టించింది కూడా నేనే. ఏడు నెలలుగా నా సొంత మెస్సులోకి దొడ్డిదారిన వచ్చిపోతున్నాను. రొట్టె బాగుందని కావ్యను మెచ్చుకుంటుంటే తలుపు వెనుక నిలబడి విని సంతోషపడటం కూడా అలవాటు చేసుకున్నాను.

నువ్వొస్తే ఎవరో ఒకరు ఎవరివని అడుగుతారు. నీ గొంతు నీకు వినబడదు కదా, యార్డంతా వినబడేలా నా పేరు చెబుతావు. నాకు ఆ భయమే. కన్నతండ్రిని రావద్దని రాసే బిడ్డ కూడా ఒక బిడ్డేనా అని నువ్వు అనుకుంటావు. అనుకో.

నీ బిడ్డ,
రోజా


అయిజ,
23 సెప్టెంబర్ 2025

నాయినకు రోజా వందనాలు.

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే న్యాయం. కానీ ఇక్కడ జరిగింది నీకు చెప్పాలి.

ఇటిక్యాల నుంచి నర్సింహులు అనే రైతు మా దగ్గరికి తరచు వస్తాడు. మొన్న పెత్రమాస. భార్య కర్నూలు దవాఖానలో ఉంది, ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లు లేరు, చచ్చిపోయిన పెద్దలకు విస్తరి పెట్టకుండా ఎట్లా అని బాధపడి కావ్యకు వంట చెప్పి వెళ్లాడు. గారెలు, మాంసం కూర, పచ్చిపులుసు. పెద్దలకు పెట్టకముందు ఉప్పు కూడా చూడకూడదట, ఎంగిలవుతుందట. కోర్సులోనేమో రుచి చూడనిదే గిన్నె గడప దాటొద్దని చెప్పేవారు. మనకు ఆ పండుగ లేదు. అయినా నేను తలస్నానం చేసి, నాలుక మీద ఒక్క చుక్క వేసుకోకుండా వండాను. ఆయన తల్లిదండ్రులకు నా చేతి కూడు పెడతాడని తలచుకుంటే మోసం చేస్తున్నానని అనిపించింది.

నిన్న ఆయన వచ్చి, వంట అచ్చం తల్లి చేతిదే అని కావ్యకు దండం పెట్టాడు. ఇక నా వల్ల కాలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

"వండింది నేనే పెద్దయ్యా. బిజినేపల్లి స్టీఫెన్ బిడ్డను."

తిడతాడని అనుకున్నాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు ఎరికే బిడ్డా. మొదటిరోజు లేచిపోయినోళ్లు యార్డంత చెప్పిండ్రు. అందరికీ ఎరికే. తెల్వనట్టు తింటున్నం. గిప్పుడు నువ్వే నోరు తెరిచి చెప్తివి, ఇగ ఎట్ల తినాలె?"

బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు తలలు వంచుకున్నారు. ఒక్కడైనా ఆశ్చర్యపోలేదు నాయినా. నా గుట్టు అనుకుని ఏడు నెలలు వాళ్ల గుట్టుకు కాపలా కాశాను. వాళ్ల కులం చెడకుండా వాళ్ల కడుపులు నింపాను. అందుకోసం నిన్ను గడప తొక్కొద్దన్నాను.

వాళ్లు ఒక్కొక్కరే చేతులు కడుక్కుని పోయారు. కావ్య ఏడ్చింది. "చెప్పకుంటే నడిచిపోతుండె కదనే" అంది. సాయంత్రం వాళ్ల మేనమామ వచ్చి నెలాఖరుకు షటర్ ఖాళీ చేయమన్నాడు. ఆమె బోర్డు విప్పించుకుని గద్వాలకు వెళ్లిపోయింది. ఇవాళ చేసిన రొట్టెలు చేసినట్టే ఉన్నాయి. ఇద్దరు వచ్చారు, వాళ్లూ పొట్లం కట్టించుకుని పక్కచూపులు చూస్తూ పోయారు.

ఇంకా వారం ఉంది. రేపు కూడా పొయ్యి వెలిగిస్తాను, ఎల్లుండి కూడా. నువ్వు రా నాయినా. రాకపోతే నిన్ను తప్పుపట్టే మొహం నాకు లేదు. వస్తే మాత్రం మధ్యాహ్నం జనం తిరిగే వేళకు వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చో, నేనే వడ్డిస్తాను. నిన్ను చూసి లేచిపోయేవాళ్లు లేచిపోనీ. నువ్వు మాత్రం కడుపు నిండేదాకా లేవకు.

స్టీఫెన్ బిడ్డ,
రోజా