సెల్లారులో పలికిన పొలి

బుజ్జి నాన్నకు, నానక్‌రామ్‌గూడ నుంచి భవాని నమస్కరించి రాస్తున్నది. మామయ్య, బుజ్జి, నేను ముగ్గురం క్షేమం. ఆ మంచుకొండల మీద మీరు కూడా ఒంట్లో నలత లేకుండా ఉన్నారనే అనుకుంటున్నాను. మీ ఆర్మీ పోస్టుకు ఫోను అందకపోవడం ఒకందుకు మంచిదే అయింది. ఈ సంగతి ఫోనులో చెప్పగలిగేదాన్ని కాదు.

ముందు మీరు అడిగినవి. బుజ్జి దగ్గు తగ్గింది. షేర్ ఆటోలోనే బడికి పోతున్నది. మీకు పంపిన జొన్న మురుకులు దారిలో మెత్తబడలేదు కదా? అవి సంతలో కొన్నవే.

ఆ సంత మీద మీకు కోపం వచ్చిందని తెలుసు. "నాయినను ఆడికి తోల్కపోకు" అని రాశారు. కానీ మీరు ఒక్కసారి చూస్తే బాగుండు. మన పాత పొలంలో సగం కట్టి ఆపేసిన టవర్ ఉంది కదా, దాని ముందు ఖాళీ జాగాలో ఆదివారం పొద్దున పెడతారు. ఐటీ ఉద్యోగం మానేసిన రాజరాజేశ్వరి గారు నడుపుతారు. మందులు కొట్టని పంటే తేవాలి, పండించినవాళ్లే అమ్మాలి, దళారి అడుగు పెట్టకూడదు. ఒక పక్క జొన్నరొట్టెలు కాలుతుంటాయి. కుండల్లో అంబలి, మోదుగ విస్తర్లలో కొర్రన్నం, పచ్చిపులుసు. ఆఫీసుల పిల్లలు నేల మీద కూర్చుని వేళ్లు నాకుతూ తింటారు. అత్తమ్మ పోయాక మామయ్య కడుపునిండా తిన్నది అక్కడే.

ఒక ఆదివారం రాజరాజేశ్వరి గారు వచ్చి, "సాయిలుగారూ, ఇది మీ పొలమేనటగా. కొత్త పంట తినే ముందు ఏదో చల్లేవారట కదండీ?" అని అడిగారు.

"భూమితల్లికి పొలి సల్లుతం బిడ్డా. ఒకలు ఓలిగో అనాలె, ఎన్క ఇంకొకలు పొలిగో అనాలె. మా నర్సమ్మ అంటుండె" అన్నాడు మామయ్య, అత్తమ్మను తలుచుకుని.

గుప్పెడు కొర్రన్నం తీసుకుని జాగా అంచున చల్లి, "ఓలిగో!" అని కేకేశాడు. టవర్ కింద నీళ్లు నిలిచిన చీకటి సెల్లారులో నుంచి ఆడగొంతు పలికింది. "పొలిగో!"

"ఎకో భలే ఉందండీ" అని ఎవరో నవ్వారు. మామయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

తరువాతి ఆదివారాలూ అదే జరిగింది. అన్నం చల్లడం అయ్యాక ఆయన సెల్లారు అంచున కూర్చునేవాడు. "లోపల నీళ్లున్నయి మామా, లేవండి" అంటే, "నేనేడ పోతున్న? ఆమె వస్తదేమో అని సూస్తున్న" అనేవాడు. అప్పుడే భయపడి మీకు రాశాను.

మీరు చెప్పినట్టే దవాఖానకు తీసుకుపోయాను. చెవులూ తలా అన్నీ బాగున్నాయన్నారు. మనాది, అత్తమ్మ పోయిన బెంగ అన్నారు. "మీకు కూడా వినపడిందా అమ్మా?" అని డాక్టరు నన్ను అడిగాడు. లేదన్నాను. మామయ్య నా వైపు చూసి తల దించుకున్నాడు.

అది అబద్ధమండీ. నేనూ విన్నాను. ప్రతిధ్వని అయితే ఓలిగో అనే తిరిగి రావాలి కదా? పైగా అది మంచం పట్టినప్పటి గొంతు కాదు. బతుకమ్మ దగ్గర నలుగురినీ దాటి వినపడే అత్తమ్మ గొంతు. ఇంటికి వచ్చి బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను. భయంతోనా అంటే కాదు. ముసలాయన్ని పిచ్చివాణ్ణి చేసి వచ్చానని.

మొన్న ఆదివారం ఆ జాగాలో ఆఖరి సంత. టవర్ పని మళ్లీ మొదలవుతుందట, సెల్లారు నీళ్లు తోడేస్తారట. సంతను హఫీజ్‌పేట్‌కు మారుస్తున్నారు. మామయ్య ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి కేకేశాడు. జవాబు రాలేదు. మళ్లీ పిలిచాడు. పావురాలు లేచి ఎగిరిపోయాయి, అంతే. జనం తినడం ఆపి చూస్తున్నారు. ఆయన సెల్లారు అంచుకు వంగి మూడోసారి పిలిచాడు.

నేను ఓర్వలేకపోయాను. కొంగు తల మీదికి లాక్కుని, ఆయన వెనక నిలబడి, "పొలిగో!" అన్నాను.

వినపడింది నా గొంతు ఒక్కటే కాదు. నా ఎడమ చెవి పక్కన, అదే ఊపిరిలో, ఇంకో గొంతు కలిసింది. సెల్లారులో నుంచి కాదు. నా కుడిచెయ్యి పట్టుకున్న బుజ్జి నన్ను చూడలేదు. నన్ను దాటి ఎడమ వైపు తలెత్తి చూసింది.

మామయ్య వెనక్కి తిరగలేదు. "ఇద్దరన్నరు. ఇగ సాలు" అని, అక్కడే కూర్చుని చేతిలో మిగిలిన కొర్రన్నం తినేశాడు.

ఆ రోజు నుంచి ఆయన నిమ్మళంగా నిద్రపోతున్నాడు. హఫీజ్‌పేట్ సంతకు నేనే తీసుకుపోతాను, కోప్పడకండి. సెలవు మీద వచ్చినప్పుడు మీరూ రండి. ఓలిగో అని మీరు పిలవండి, పొలిగో అనడానికి నేనుంటాను. నా పక్కన ఎవరు నిలబడ్డారో మాత్రం తిరిగి చూడకండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
భవాని