ఎర్ర వైరు, ఆకుపచ్చ వైరు

రెండు వేల ఏడవ సంవత్సరం నవంబరు నెల పద్నాలుగవ తేదీన, పశ్చిమ గోదావరి జిల్లా ఏలూరు పవర్‌పేట కాపురస్తుడను, కీర్తిశేషులు యాకోబు గారి కుమారుడను, అరవై తొమ్మిదేళ్ల వయస్సు గలవాడను, పూర్వం మైకుసెట్టు వృత్తి, ప్రస్తుతం ఏ వృత్తీ లేని ఏలీయా అను నేను రాసి ఉంచుతున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉంది. గుండె మాత్రం అంత స్థిరంగా లేదని డాక్టరు గారు చెప్పారు. కళ్లకు శుక్లాలు వచ్చాయి. చెవులు బాగానే ఉన్నాయి. ఈ చివరి మాట ఒకప్పుడు చాలా గర్వంగా చెప్పుకునేవాణ్ణి, ఇప్పుడు ఆ హక్కు నాకు లేదు. ఎందుకో ఐదవ అంశంలో రాశాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. బలవంతపెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు కూడా.

నాకు సంతానం లేదు. నా భార్య హన్నమ్మ 1991లో ప్రభువునందు నిద్రించింది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా సంఘ కార్యదర్శి సత్యానందం గారికి అప్పగిస్తున్నాను. ఆయన పని నత్తనడక, కానీ మాట తప్పే మనిషి కారు. ఆ నెమ్మదికి ఈసారి నాకు అభ్యంతరం లేదు.

1. పవర్‌పేటలో నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, ముందు భాగంలో ఒకప్పుడు నా మైకుసెట్టు ఉన్న కొట్టు గదితో సహా, ఆ కొట్టులో అద్దెకు ఉండి సెల్‌ఫోన్లు బాగుచేసుకునే స్నేహలతకు దఖలు పరుస్తున్నాను. నా తదనంతరం ఆమె సర్వహక్కులతో అనుభవించవచ్చు. ఆమె నాకు బంధువు కాదు. ఆరేళ్లుగా పొద్దున్నే షట్టరు ఎత్తుతూ "అంకుల్, లేచారా అండీ?" అని అడిగే మనిషి ఆమె ఒక్కతే. ఏదో ఒక రోజు నేను జవాబు చెప్పనని ఆమెకు తెలుసు, అందుకే అడుగుతుంది. వంటింటి గుమ్మం పక్కన ఒక మేకు ఉంది. హన్నమ్మ గొడుగు దానికి తగిలించేది. గోడకు సున్నం వేయించినా ఆ మేకు పీకించవద్దు.

2. నా పెద్ద హారన్లు రెండు, బ్యాటరీ ఆంప్లిఫయరు ఒకటి, కొల్లేటి లంకలో ఉండే బుచ్చిబాబుకు ఇస్తున్నాను. నిజానికి అవి ఎనభై ఆరు వరదల నుంచీ అతని దగ్గరే ఉన్నాయి. పడవ మీద తిరుగుతూ జనానికి హెచ్చరికలు చెప్పాలని తీసుకెళ్లి, "రేపు తెచ్చేస్తానండీ" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. ఇరవై ఏళ్లు అతన్ని తిట్టుకున్నాను. పోయినేడు కొల్లేరులో ఆక్రమణ అని ప్రభుత్వం వాళ్లు అతని చేపల చెరువు గట్లు తెగ్గొట్టినప్పుడు ఏలూరు వచ్చి, మా అరుగు మీద మధ్యాహ్నమంతా కూర్చుని వెళ్లాడు. నేనూ హారన్ల ఊసు ఎత్తలేదు. ఉన్నవాడికి ఉన్నదే ఇవ్వడం కన్నా సులువైన దానం లేదు కాబట్టి, ఇచ్చాను.

3. నా పాత మోనో రికార్డులు, వాటిని వాయించే పాత ప్లేయరు కూడా స్నేహలతవే. ఆ ప్లేయరు సూది నెత్తిన పది పైసల బిళ్ల ఒకటి అంటించి ఉంటుంది. లంక పెళ్లిళ్లకు పడవలో సెట్టు పెట్టినప్పుడు, పడవ ఊగితే సూది ఎగిరి పల్లవి మీంచి చరణంలోకి దూకేది. ఆ బరువు అందుకు పెట్టాను. బిళ్ల తీయవద్దు. రికార్డులను వేడినీళ్లలో వంచి పూలకుండీలు చేసుకుంటామని ఆదివారం బడి టీచర్లు ఇప్పటికే ఒకసారి అడిగారు. ఇవ్వవద్దు.

4. నన్ను హన్నమ్మ పక్కన పెట్టండి. భూస్థాపనకు మైకు అక్కర్లేదు. వచ్చే పదిమందికి పాస్టరు గారి గొంతు చాలు.

5. ఈ అంశం కోసమే మిగతా వీలునామా రాశాను.

1974లో తాడేపల్లిగూడెం సంఘం క్వయరు వారు మద్రాసు వెళ్లి ఒక స్టీరియో రికార్డు చేయించుకున్నారు. క్వయరు మాస్టరు ఆనంద్ పాల్ గారు హన్నమ్మకు సొంత అన్నయ్య, నాకు బావగారు. రెండో వైపు మొదటి కీర్తన హన్నమ్మ ఒక్కతే పాడుతుంది, వెనక క్వయరు అందుకుంటుంది. పెళ్లిళ్ల రోజులు కావడంతో నేను మద్రాసు వెళ్లలేకపోయాను. రికార్డు వచ్చాక, దాని కోసమే ఒక స్టీరియో కార్ట్రిడ్జి తెప్పించి వేరే టర్న్‌టేబుల్‌కు నా చేత్తో బిగించాను. కార్ట్రిడ్జి అంటే సూదిని పట్టుకుని ఉండే, అగ్గిపెట్టెలో సగమంత ముక్క. వెనక రంగు చుక్కలున్న నాలుగు పిన్నులు, వాటికి అవే రంగుల నాలుగు సన్నని వైర్లు. తెలుపు, నీలం ఎడమ వైపువి. ఎరుపు, ఆకుపచ్చ కుడి వైపువి. నా ఆంప్లిఫయరు మోనోది, అంటే ఒకే దారిది కాబట్టి రెండు వైపులూ కలిపి దానికే ఇచ్చాను.

వేశాను. హార్మోనియం వినిపించింది. తబలా వినిపించింది. క్వయరు అందుకోవడం వినిపించింది. హన్నమ్మ గొంతు లేదు. ఆవిడ నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

మరుసటి ఆదివారం గూడెం వెళ్లి, ఆరాధన విడిచాక చర్చి మెట్ల మీద, అందరి ముందూ బావగారిని నిలదీశాను. చెల్లెలి గొంతు తీయించేసి క్వయరులో ఉన్న తన భార్య గొంతు ఉంచుకున్నారని అన్నాను. ఆయన మొహం ఎర్రబడలేదు. "ఉందండీ బావగారూ. మా ఇంటికొచ్చి వినండి, అక్కడ మాట్లాడుకుందాం" అన్నారు. నా చెవికి వినపడనిది మీ ఇంట్లో వినపడుతుందా అని అడిగి బస్సెక్కేశాను. తర్వాత మరో నలుగురు చెప్పారు. వాళ్లంతా ఆయన శిష్యులే అని కొట్టిపారేశాను. "ఒక్కసారి అన్నయ్య వాళ్లింట్లో విని వచ్చాక అనుకుందామండీ" అని హన్నమ్మ ఒకే ఒక్కసారి అడిగింది. పుట్టింటి గడప తొక్కితే మళ్లీ ఈ గడప తొక్కవద్దన్నాను.

ఆ రికార్డును నా పాత మోనో ప్లేయరు మీద వేసి ఉంటే ఐదు నిమిషాల్లో నిజం తేలేది. వేయలేదు. మోనో సూది స్టీరియో గాడిలో పడితే దాన్ని దున్నేస్తుంది. పనిమంతుణ్ణి కదా, అలాంటి తప్పు పని చేయను. రికార్డును, కార్ట్రిడ్జిని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పడేశాను. ఆ తర్వాత హన్నమ్మ ఇంట్లో పాడలేదు. చర్చిలో పెదవులు కదిపేది. ఆవిడ పోయిన రోజు బావగారు సమాధుల దొడ్డి గేటు దగ్గర నిలబడ్డారు. నేను మొహం తిప్పుకున్నాను.

ఈ ఏడు మార్చిలో డాక్టరు గారు గుండె సంగతి చెప్పాక, ఆ రికార్డు ఒక్కసారి వినాలనిపించింది. ఆవిడ గొంతు లేకపోయినా, ఆవిడ నిలబడిన గదిలో జరిగిన పాటే కదా అనుకున్నాను. ఒంటరిగా ఉండేవాడికి అంత మాత్రం చాలు. ట్రంకు తెరిస్తే వైర్లు చిలుం పట్టి బిరుసెక్కి ఉన్నాయి, ఒకటి చేతిలోనే విరిగింది. "కొత్తవి వేస్తే సౌండు కూడా తేటగా వస్తుందంటండీ" అని స్నేహలత కంప్యూటరులో వెతికి చెన్నై నుంచి మేలురకం రాగి వైర్లు తెప్పించింది. నాకు కళ్లు ఆనవు కాబట్టి తానే కూర్చుంది. పిన్నుకు సోల్డరింగు తగిలితే లోపలి తీగ మాడిపోతుందని చెప్పాను. వైరు చివరలకు చిన్న క్లిప్పులు వేసి, పట్టకారుతో తొడిగింది. పాతవి తీసేటప్పుడు భూతద్దం పెట్టి చూసి, "అంకుల్, కుడి వైపువి రెండూ తారుమారుగా ఉన్నాయండీ. ఎర్రది ఆకుపచ్చ చుక్క మీద ఉంది, ఆకుపచ్చది ఎర్ర చుక్క మీద ఉంది. అలాగే పెట్టమంటారా, చుక్కల ప్రకారం పెట్టమంటారా?" అంది. చుక్కల ప్రకారమే పెట్టమన్నాను.

మోనోలో ఉన్నవి రెండే వైర్లు, ఎటు తొడిగినా పాట ఒకటే. పదిహేనేళ్లు అలా పని చేసిన చేయి 1974లో ఈ కార్ట్రిడ్జికీ అలాగే చేసింది. స్టీరియోలో అలా కాదు. ఒక వైపు తిరగబడిన కార్ట్రిడ్జిని మోనోలో కలిపితే, మధ్యలో నిలబడి పాడిన గొంతు రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి కుడి, ఎడమలు కలిసి దాన్ని కొట్టేస్తాయి. పక్కల నిలబడ్డవాళ్లు మిగులుతారు. బావగారు హన్నమ్మను సరిగ్గా మధ్యలో నిలబెట్టారు. అందరికన్నా మంచి చోటు చెల్లెలికే ఇచ్చారు.

మధ్యాహ్నం కరెంటు వచ్చాక, స్నేహలతను కొట్టులోకి పంపి, ఒక్కణ్ణే వేసుకున్నాను. ముప్పై మూడేళ్ల తర్వాత మా ఇంట్లో హన్నమ్మ పాడింది. రెండో చరణం ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నేను ఏడ్చాను. ఆవిడ గొంతు తీసేసింది నేను, ఇంకెవరూ కాదు. రికార్డులోంచి ఒకసారి, ఇంట్లోంచి పదిహేడేళ్లు.

అప్పటి నుంచి గూడెం మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ బస్టాండులో టీ తాగి తిరుగు బస్సెక్కాను. అందువల్ల సదరు టర్న్‌టేబుల్, కొత్త వైర్లు వేసిన కార్ట్రిడ్జి, రికార్డు, వాటితో పాటు ఈ అంశంలో నేను ఒప్పుకున్న తప్పు యావత్తూ, నా తదనంతరం ఆనంద్ పాల్ గారికి చెందవలసినది.

6. పై ఐదవ అంశంలో చివరి వాక్యాన్ని రద్దు చేస్తున్నాను. దస్తావేజు లేఖరి సూర్యనారాయణ గారు చిత్తు చదివి, సాక్షులు ఇద్దరు ఉండాలన్నారు. మొదటివారు సత్యానందం గారు, రెండోవారెవరని అడిగారు. ఎంత ఆలోచించినా ఇంకో పేరు తట్టలేదు. చిన్నతనంగా అనిపించి, నోటికొచ్చినట్టు మా బావగారు అనేశాను. "అలా కుదరదండీ. సాక్షి సంతకం పెట్టినాయనకి ఇందులో ఏమీ చెందదు. ఆయన్ని సాక్షిగానన్నా ఉంచుకోండి, ఇచ్చేదన్నా ఇవ్వండి" అన్నారాయన. రెండు రోజులు ఆలోచించాను. చచ్చాక ఇస్తే బావగారు నన్ను తిట్టడానికి నేనుండను. అది నాకు సులువు, ఆయనకు అన్యాయం. కనుక ఆయన్ని సాక్షిగానే కోరుతున్నాను. ఇవ్వవలసినది బతికుండగా పట్టుకెళ్లి నా చేత్తో ఇస్తాను. ఆయన తలుపు తీయకపోతే రెండో సంతకం లేక ఈ వీలునామా చెల్లదు, ఇల్లు స్నేహలతకు దక్కదు. ఈసారి తిరుగు బస్సెక్కడానికి వీల్లేకుండా ఆ ముడి నేనే వేసుకున్నాను.

పైన రాసినదంతా నా మాటే. చదివించుకుని, విని, ఒప్పుకుని, సంతకం చేశాను.

ఏలూరు, 14-11-2007
(సం.) ఏలీయా

సాక్షులు:

1. సత్యానందం, సంఘ కార్యదర్శి, ఏలూరు. 14-11-2007

2. ఆనంద్ పాల్, రిటైర్డు ఉపాధ్యాయుడు, తాడేపల్లిగూడెం. 20-11-2007

పై సంతకం తనదేనని ఏలీయా గారు నా ఎదుట ఒప్పుకున్నారు. టర్న్‌టేబుల్ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చారు. ఇద్దరం కూర్చుని విన్నాం. సాక్షి ఇంతకు మించి రాయకూడదేమో నాకు తెలియదు, రాస్తున్నాను. ఈయన లంక పెళ్లిళ్లకు వెళ్లిన రోజు చూసుకుని, ఏటా ఒకసారి మా చెల్లెలు మా ఇంటికి వచ్చి ఈ పాట విని వెళ్లేది. 1990 దాకా వచ్చింది. నేను బావగారికి చెప్పేస్తానంటే ప్రతిసారీ చెయ్యి పట్టుకుని ఆపేది. "చెప్పకు అన్నయ్యా. తన చెవి తప్పని తెలిస్తే ఆయన మళ్లీ కొట్టు తలుపు తీయరు" అనేది.