దండెమైన ఎర్తు తీగె

ఏమండీ, మెయిన్ ఆపేశాను, వెయ్యకండి. ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తున్నాను.

కూలర్ ఎర్తూ ఫ్రిజ్ ఎర్తూ మీరు మొన్న కలిపారు కదా. ఇందాక కూలర్ తిరుగుతుండగా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే షాక్ కొట్టి గోడ మీద పడ్డాను. ఎదురింటి ఎలక్ట్రీషియన్ కోటయ్యగారు వచ్చి చూశారు. "కలపడం తప్పు కాదమ్మా. భూమిలోకి పోయే తీగే బిల్కుల్ లేదు. అందుకే కూలర్లో కరెంటు ఫ్రిజ్‌కొచ్చింది. అరే, ఎవరు కోశారు?" అన్నారు.

పెరట్లో మీరు కట్టిన దండెం ఆ తీగే. దాని మీద మీ చొక్కాలే ఆరుతున్నాయి. కొత్త తీగె వేసి, ఆయనకి చూపించాకే మెయిన్ వెయ్యండి.

సుగుణ

దండెం కావాలని పోరింది నేనే. రోజూ బడినుంచి రాగానే వట్టికాళ్లతో ఆ ఫ్రిజ్ తలుపు తీసేది మన డేవిడ్. ఇవాళ వాడికంటే ముందు నాకు దాహమేసింది.